బిస్కెట్ డబ్బాలో వెంబ్లీ

కార్బీ
6 జూన్ 1977

అక్కా,

గెలిచాం! ఇంగ్లండు మీద రెండు ఒకటి! అదీ వెంబ్లీలో, వాళ్ళ నట్టింట్లో, వాళ్ళ రాణీగారి పాతికేళ్ళ ఏలుబడి పండగల్లో! నాకు గొంతు పోయింది. మా ఆవిడ నెట్టాతో సైగలతోనే మాట్లాడుతున్నాను, అది తనకి హాయిగానే ఉందిట.

ఆట అయిపోగానే మన స్కాటిష్ వాళ్ళంతా మైదానంలోకి దూకారు. గోలు పైకర్ర మీదకి ఎక్కితే అది పుటుక్కున విరిగింది. తర్వాత జేబుకత్తులు తీసి గడ్డి కోయడం మొదలుపెట్టారు. ఒకడు నెత్తి మీద చాపంత పచ్చిక చుట్ట పెట్టుకుని రైలెక్కాడు. టికెట్టు కలెక్టరు "దీనికి వేరే టికెట్టు తీయాలి" అంటే, "ఇది పసిపిల్లండీ, ఇవాళే పుట్టింది" అన్నాడు.

నేనూ ఒక ముక్క తెచ్చాను. షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ డబ్బాలో తడి పేపరు చుట్టి నెట్టా తమ్ముడి లారీలో పంపుతున్నాను. బుధవారానికి ఆక్టర్‌బ్రే చేరుతుంది. మీ బౌలింగ్ క్లబ్బు పచ్చికలో నాటించు. ఆ పచ్చిక నీ చేతిలోనే ఉంది కదా, నువ్వు కాదంటే ఎవరు నాటుతారు? వెంటనే నీళ్ళు పెట్టు, వేళ్ళు ఆరనివ్వకు.

నీ తమ్ముడు
వాటీ


ఆక్టర్‌బ్రే, ఫైఫ్
10 జూన్ 1977

వాటీ,

డబ్బా అందింది. మూత తీసి వంటింటి బల్ల మీద పెట్టాను.

నీకు యాభై రెండేళ్ళు. మనవడిని ఎత్తుకున్నావు. నువ్వు కూడా కత్తి పట్టుకుని ఇంకొకడు పెంచిన గడ్డి కోసుకొచ్చావా? టీవీలో చూశాను ఆ భాగోతం. ఇక్కడ అందరూ ఎగిరి గంతులేస్తుంటే, నాకు ఆ మైదానం కాపలా మనిషే కళ్ళ ముందు మెదిలాడు. మర్నాడు పొద్దున బకెట్టు పట్టుకుని వచ్చి ఆ గుంతలు చూసుకుని ఉంటాడు. ఇంగ్లీషువాడే కావచ్చు. కానీ పచ్చిక కోసం నడుము వంచినవాడు నాకు మనవాడే. గెలిచినవాళ్ళు తలెత్తుకుని ఇంటికి రావాలి కానీ గడ్డి ఎత్తుకుని రావడమేమిటిరా? ఛీ!

నాన్న ఉంటే నీ చెవి మెలేసి వెంబ్లీ దాకా నడిపించి, ఆ ముక్క తిరిగి పెట్టించేవాడు. ఇరవై ఆరులో గనులు మూసేసి జనం గంజి తాగుతున్నప్పుడు, నాన్న తోటి పదిమందిని పోగేసి, బంతులు దొర్లించి ఆడుకోవడానికి ఈ పచ్చిక పరిచాడు. ఒక్కొక్క చాప చేతుల మీద మోసుకొచ్చి పరిచాడు. చదరం కోసే అర్ధచంద్రం కత్తి కూడా బొగ్గు పార అరగదీసి తనే చేసుకున్నాడు. ఇప్పటికీ నేను దానితోనే అంచులు కోస్తున్నాను.

పైగా అదేం గడ్డి? ఆడే నేలలో పెరిగిన గడ్డిలా లేదు. అందులో డైసీ పూల కలుపు వేరు ఉంది. గింజలు రాల్చే పిచ్చిగడ్డి ఉంది, అది నా పచ్చికలో పాకిందంటే ఐదేళ్ళు ఏరాలి. మట్టి తుప్పు రంగు. లండన్ మట్టి అలా ఉంటుందని నాకు తెలీదు. మధ్యలో ఒక తెల్లరాతి పలుకు కూడా. అంత పేరున్న మైదానంలో రాళ్ళు కూడా ఏరుకోరు కాబోలు.

వాగులో పారేసేదాన్నే. ఈలోగా మెల్డ్రమ్ గారు అంచుల సంగతి మాట్లాడడానికి వచ్చి వంటింట్లో డబ్బా చూశాడు. క్లబ్బు అధ్యక్షుడు, ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "ఎఫీ, ఇది అదేనా?" అన్నాడు, ఏదో పవిత్రమైన ఎముక చూసినట్టు. ఇక నా మాట ఎవరు వింటారు? వచ్చే వారం శనివారం నాటుతారట. వాద్యాలు కూడా పెడతారట.

ఎఫీ


కార్బీ
15 జూన్ 1977

అక్కా,

తిట్టు, ఎంతైనా తిట్టు. కానీ ఆ ముక్కని పారేయకు.

ఒక్క మాట. ఎక్కడ నాటమన్నారు? జెండా కర్ర మొదట్లో అయితే బాగుంటుంది. పొద్దున ఎండ తగులుతుంది, అక్కణ్ణించి పచ్చికంతా కనబడుతుంది. కత్తిరించేటప్పుడు మిషను పెట్టకు, చేత్తో కత్తిరించు. మెల్లగా.

నవ్వుకుంటున్నావా? నవ్వుకో. నాన్న ఇరవై ఎనిమిదిలో వెంబ్లీ వెళ్ళాడు గుర్తుందా? ఐదు ఒకటి. రోజంతా వాన, మనవాళ్ళు పొట్టివాళ్ళు, ఆ ఇంగ్లీషు దుంగల కాళ్ళ మధ్య నుంచి బంతిని దారంలా లాగారని చెప్పేవాడు. తడిసిన కోటు ఆరు నెలలు ఉతకనివ్వలేదు. ఇక్కడికొచ్చాక కూడా, ఉక్కు కార్ఖానా గేటు దగ్గర ఇంగ్లీషు కుర్రాళ్ళని ఆపి మరీ ఆ ఐదు గోల్సూ కాలితో వేసి చూపించేవాడు. డెబ్భై నాలుగు జూన్‌లో, మనవాళ్ళు ప్రపంచ కప్పులో ఒక్క ఆటా ఓడకుండానే ఇంటిదారి పట్టిన వారమే పోయాడు. "ఓడకుండా బయటపడ్డారురా, నేనూ అంతే" అన్నాడు. నువ్వు వచ్చుంటే వినేదానివి.

పోనీలే. అది ఎత్తకూడదనుకున్నాను, చెయ్యి ఊరుకోలేదు.

వాటీ


ఆక్టర్‌బ్రే
2 జూలై 1977

వాటీ,

నాటారు. నువ్వు కోరినట్టు జెండా కర్ర మొదట్లోనే. మోకాలెత్తు తెల్ల కంచె, దాని మీద ఇత్తడి రేకు: "వెంబ్లీ, 4 జూన్ 1977". బ్యాగ్‌పైపు వాయించినవాడు అప్పటికే తాగి ఉన్నాడు. మెల్డ్రమ్ గారు తన సొంత సీసా తెచ్చి గడ్డి మీద విస్కీ పోశాడు. విస్కీ పోస్తే గడ్డి మాడుతుందని ఆ మనిషికి డెబ్భై తొమ్మిదేళ్ళకి కూడా తెలీదు. ఒకడు బోర్లా పడుకుని ముద్దు పెట్టుకున్నాడు. నాకు రోత పుట్టింది. ఆడవాళ్ళని బారులోకి రానివ్వరు కనక నేను బయటే నిలబడి ఆ పిచ్చంతా చూడాల్సి వచ్చింది.

నువ్వు నాన్న సంగతి ఎత్తావు కనక రాస్తున్నాను. అది అదే జెండా కర్ర. అరవై ఒకటి ఏప్రిల్ పదిహేను, ఆ ఏటి ఆటలకి పచ్చిక తెరిచే రోజు. గని మేనేజరు భార్య చేతి తొడుగులు వేసుకుని తొలిబంతి దొర్లించడానికి నిలబడి ఉంది. అప్పుడే రేడియోలో వచ్చింది, వెంబ్లీలో తొమ్మిది మూడు అని. నాన్న తిన్నగా వెళ్ళి జెండాని సగానికి దించాడు.

"నినియన్, అది క్లబ్బు జెండా, నీ ముక్కు తుడుచుకునే గుడ్డ కాదు. పైకెత్తు" అన్నాడు మెల్డ్రమ్.

"తొమ్మిది తిన్న రోజు అది ఎగరదు. ఇవాళ ఆట లేదు, అందరూ ఇళ్ళకి పొండి" అన్నాడు నాన్న.

"నువ్వు ఇక్కడ జీతగాడివి."

"నేను పరిచిన గడ్డి మీద నాకే చెప్తావా?"

అని మేకుల బూట్లతోటే నడిచి వెళ్ళి, బంతులు దొర్లే మూడో వరస నడిమధ్య కూర్చున్నాడు. బూట్లతో! మడమ ఆనితే మనల్ని కొట్టే మనిషి! రెండు గంటలు లేవలేదు. మేనేజరు భార్య తొడుగులు విప్పేసుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రే సభ్యత్వం తీసేశారు, వ్యవస్థాపకుల బోర్డు మీద ఆయన పేరుకి రంగు పూశారు. సోమవారం తాళాలు తెచ్చి నా మొగుడి చేతిలో పెట్టారు.

రాబ్ తీసుకున్నాడు. నేను వద్దనలేదు. ఇంట్లో నలుగురు పిల్లలు. నాన్న ఇద్దరి మొహమూ చూడకుండా నీతో కార్బీ వచ్చేశాడు. ఇంగ్లండు చేతిలో తొమ్మిది తిన్నందుకు పచ్చికని చెడగొట్టుకున్న మనిషి పోయి పోయి ఇంగ్లండులోనే ఉన్నాడు, అక్కడే పోయాడు. అప్పటికి రాబ్ తర్వాత ఆ తాళాలు నా చేతికే వచ్చాయి; ఆ వారం పోటీలున్నాయి, పచ్చిక వదిలి రాలేనని నీకు తంతి ఇచ్చాను. పోటీలున్న మాట నిజమే.

ఇంకెప్పుడూ ఈ సంగతి ఎత్తకు.

ఎఫీ


కార్బీ
14 అక్టోబరు 1977

అక్కా,

వేల్స్‌ని కొట్టాం, ప్రపంచ కప్పుకి అర్జెంటీనా వెళ్తున్నాం! ఆ పెనాల్టీకి ముందు బంతిని తాకిన చెయ్యి ఎవరిదని ఇక్కడ కొట్టుకుంటున్నారు. రిఫరీ మనకిచ్చాడు, మనం పుచ్చుకున్నాం, అంతే. కార్బీలో సగం మంది మనవాళ్ళే కనక, మిగతా సగం తలుపులు వేసుకుని పడుకున్నారు.

గడ్డి ఎలా ఉంది? చలికాలం వస్తోంది, మంచు పడేముందు కాస్త ఆకులు కప్పు. నేను రెండుసార్లు అడిగాను, నువ్వు ఒక్కసారీ రాయలేదు.

క్లబ్బుకి నేను పంపిన ఉత్తరానికి మెల్డ్రమ్ జవాబివ్వలేదు. బోర్డు మీద నాన్న పేరు మళ్ళీ రాయమని అడిగాను. ఇది నాలుగోసారి.

వాటీ


ఆక్టర్‌బ్రే
27 మే 1978

వాటీ,

మీ గడ్డి బతికే ఉంది. నా ఖర్మ, బాగానే ఉంది. నేను భయపడ్డట్టే గింజలు రాల్చింది. ఒకటో వరస అంచున మూడు మొలకలు కనబడ్డాయి, వంటింటి ఫోర్కుతో పెకలించాను. "దాన్ని తీసేయండి, పచ్చిక పాడవుతుంది" అని కమిటీకి చెప్పాను. "ఎఫీ, నీకు దేశమంటే భక్తి లేదు" అన్నారు.

దేశమంతా పిచ్చెక్కినట్టుంది. హాంప్‌డెన్ మైదానంలో ఆటే లేదు, బస్సు మీద ఆటగాళ్ళని చూడ్డానికి పాతిక వేలమంది వెళ్ళారు. ఇంకా వెళ్ళకముందే ఊరేగింపు! కప్పు తెచ్చేస్తారట. రొట్టెల కొట్టువాడు మాంసం రొట్టెల మీద మన జెండా సింహం బొమ్మ వేసి అమ్ముతున్నాడు. ఇంతకీ మనం ప్రపంచ కప్పులో ఏనాడు మొదటి మెట్టు దాటాం? యాభై నాలుగులో ఎండలో ఉన్ని చొక్కాలు వేసుకుని ఉరుగ్వే చేతిలో ఏడు తిన్నాం. ప్రపంచంలో తొలి దేశాల ఆట ఆడింది మనమే, వాళ్ళకి బంతి అందించుకోవడం నేర్పింది మనమే అని నాన్న అనేవాడు. నిజమే కావచ్చు. నేర్పినవాళ్ళం ఇంకా గుమ్మంలోనే ఉన్నాం.

రోజూ సాయంత్రం బారులోంచి వచ్చి ఆ కంచె చుట్టూ నిలబడి పాడుతున్నారు. ఆ గడ్డిని తడిమి చేయి కళ్ళకద్దుకుంటున్నారు. చూడలేక షెడ్డు తలుపు వేసుకుంటున్నాను.

ఎఫీ


కార్బీ
5 జూన్ 1978

అక్కా,

పెరూ చేతిలో మూడు ఒకటి. నువ్వు చెప్పిందే నిజం, అందుకు ఈ ఉత్తరం రాయడం లేదు.

ఇక్కడ మొన్న మా క్లబ్బులో టీవీ మీద గ్లాసు విసిరారు. అక్కడ ఆ గడ్డి జోలికి ఎవరూ వెళ్ళకుండా చూడు. నీ కాళ్ళు పట్టుకుంటాను. నీకది దొంగసొమ్ము, పిచ్చిగడ్డి, తెలుసు. అయినా చూడు. ఎందుకో జూలై సెలవులకి వచ్చినప్పుడు చెప్తాను, ఉత్తరంలో రాసేది కాదు.

వాటీ


ఆక్టర్‌బ్రే
8 జూన్ 1978

వాటీ,

నీ ఉత్తరం నిన్న పొద్దున్నే అందింది. అందలేదని అబద్ధం చెప్పను. అందాకే చేశాను.

శనివారం పెరూ ఆట అయ్యాక బారులోంచి ఒక్కొక్కడే బయటికి వచ్చి, ఏడాదిగా ముద్దులు పెట్టుకున్న ఆ గడ్డి మీదే ఉమ్మాడు. వరస కట్టి ఉమ్మారు వాటీ, చర్చిలో రొట్టె ముక్క కోసం నిలబడినట్టు. నిన్న ఇరాన్‌తో ఒకటి ఒకటి. మనవాళ్ళు వేయలేకపోతే, ఇరాన్ ఆటగాడే పాపం తన గోల్లో తనే వేసుకుని మనకా ఒక్కటీ ఇచ్చాడు. అంతటితో మెల్డ్రమ్ గారు బీరు గ్లాసు పట్టుకుని వచ్చి ఇత్తడి రేకు మీద ఒలకబోశాడు. ఒక కుర్రాడు ప్యాంటు గుండీ విప్పబోతే నేను చీపురు తీశాను.

"తవ్వి పారెయ్ ఎఫీ, ఈ దరిద్రం మన పచ్చికలో వద్దు" అన్నాడు మెల్డ్రమ్.

"ఏడాదిగా నేను మొత్తుకుంటే వినలేదు. ఇవాళ దరిద్రమైందా?"

"ఇవాళ తెలిసింది."

"విస్కీ పోసిన చెయ్యేగా అది?"

"వాగకు, తవ్వు."

ఇవాళ పొద్దున తవ్వాను. నాన్న అర్ధచంద్రం కత్తితోనే నాలుగు పక్కలా కోసి, కింద పార తోసి ఎత్తాను. వెనక నుంచి చప్పట్లు కొట్టారు. నేను వాళ్ళ వైపు తిరగలేదు. కానీ ఎత్తుతున్నప్పుడు నా మనసుకి కాస్త హాయిగా ఉండింది, అదీ ఒప్పుకుంటాను. షెడ్డు వెనక కోసిన గడ్డి పోగు మీద బోర్లా పడేసి చేతులు కడుక్కున్నాను. పీడ వదిలింది.

నువ్వు కోపగించుకో. పదిరోజుల్లో మర్చిపోతావు. గడ్డే కదా.

ఎఫీ


కార్బీ
10 జూన్ 1978

అక్కా,

అది వెంబ్లీ గడ్డి కాదు.

వెంబ్లీకి వెళ్ళిన మాట నిజం. అందరూ దూకినప్పుడు నేనూ దూకాను. కత్తి తీశాను. మోకాళ్ళ మీద వంగాను. ఇంకొకడి పచ్చిక మీద చెయ్యి వేస్తే విరగ్గొడతానని నాన్న మనిద్దరితో అన్న మాట చెవిలో పడింది. లేచి వచ్చేశాను. రైల్లో అందరి ఒళ్ళోనూ గడ్డి, నా ఒళ్ళో టోపీ.

మర్నాడు ఆదివారం స్కోరు చెప్దామని నాన్న దగ్గరికి వెళ్ళాను. ఆట ఏదైనా మర్నాడు వెళ్ళి చెప్తాను, నాలుగేళ్ళుగా అదే అలవాటు. "రెండు ఒకటి నాన్నా" అన్నాను. కత్తి ఇంకా జేబులోనే ఉంది. సమాధి మీద గడ్డి ఒక చదరం కోశాను. ఇక్కడి నేలంతా ఇనప రాయి, అందుకే మట్టి తుప్పు రంగు. ఆ తెల్లరాతి పలుకు సమాధి చుట్టూ పరిచిన రాళ్ళలోది.

ఆఖరి రోజుల్లో ఆయన అడిగింది ఒకటే. "నన్ను తీసుకెళ్ళి ఆ పచ్చిక పక్కన ఎక్కడైనా పెట్టరా, మూల అయినా సరే" అని. క్లబ్బుకి రాశాను, జవాబు లేదు. నీకు రాద్దామనుకున్నాను, నువ్వు తంతి ఇచ్చిన కోపంలో రాయలేదు. నినియన్ గెడ్డెస్ పేరు చెబితే గేటు తీయరు. వెంబ్లీ అంటే వాద్యాలతో తీసుకెళ్ళారు. మెల్డ్రమ్ టోపీ తీశాడని నువ్వు రాసినప్పుడు, ఆ కాగితం పట్టుకుని నవ్వాను, ఏడ్చాను. నెట్టాకి కూడా చెప్పలేదు.

నీకు చెప్పి ఉండాల్సింది. నీ నోటికి భయపడ్డాను. చెబితే పారేస్తావేమో అనుకున్నాను. చెప్పకపోబట్టే పారేశావు. నిన్ను ఏమీ అనలేను.

వాటీ


ఆక్టర్‌బ్రే
13 జూన్ 1978

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న పొద్దున అంచులు కోస్తుంటే పోస్టుమాన్ చేతికిచ్చాడు. అక్కడే చదివాను. నా చేతిలో ఆయన కత్తే ఉంది.

ఊరంతా మళ్ళీ రంగు మార్చింది. ఆదివారం హాలెండ్‌ని మూడు రెండుతో కొట్టారుగా, ఒక్కడు నలుగురిని తప్పించి వేసిన ఆ గోలు గురించే మాట. ఇంటికి రావాల్సిందే, అయినా గెలిచారట. పెరూ ఆటప్పుడు ఉమ్మినవాళ్ళే జెండాలు తీశారు. "ఆ వెంబ్లీ ముక్క ఎక్కడ పడేశావు ఎఫీ?" అని ముగ్గురు అడిగారు. వాళ్ళంటే నాకు అసహ్యమని ఏడాదిగా నీకు రాస్తున్నాను. వాళ్ళు ఉమ్మారు, పోశారు, అరిచారు. కత్తి పెట్టింది నేను. బోర్లా పడేసి పీడ వదిలిందన్నది నేను. నలభై ఏళ్ళుగా మట్టి చూసి అది ఏ నేలదో చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని, తుప్పు రంగు మట్టి చేతిలో పెట్టుకుని లండన్ అనుకున్నాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకెవరి మీదా పుట్టలేదు.

పోగు దగ్గరికి పరిగెత్తాను. నాలుగు రోజుల కోత గడ్డి దాని మీద పడి ఉంది. చేతులతో తవ్వాను. దొరికింది. ఆకులు పసుపెక్కాయి, కానీ పైన తడి గడ్డి కప్పి ఉండడంతో వేళ్ళు ఆరలేదు, తెల్లగానే ఉన్నాయి. తెల్లరాయి కూడా ఉంది. దానితో అక్కడే చాలాసేపు మాట్లాడాను. పోటీలున్నాయని రాలేదు నాన్నా అని చెప్పాను. అది నిజం కాదని కూడా చెప్పాను. తాళాలు తీసుకున్నదాన్ని ఏ మొహం పెట్టుకుని నీ శవపెట్టె ముందు నిలబడను అని చెప్పాను.

జెండా కర్ర దగ్గర పెట్టలేదు. మూల అక్కర్లేదు ఆయనకి. చెప్పులు విప్పి పచ్చిక మీదకి నడిచి, మూడో వరస నడిమధ్య, ఆయన కూర్చున్న చోటే, చదరం కోశాను. నా చేత్తో నా పచ్చికే కోశాను. ఆయన్ని అందులో పెట్టి, అరచేత్తో నొక్కి, నీళ్ళు పోశాను. పిచ్చిగడ్డి పాకితే పాకనీ. ఏరడానికి నేనున్నాను, ఏరను.

సాయంత్రం మెల్డ్రమ్ గారు మూడో వరసలో ఆడాడు. బంతి చక్కగా వెళ్ళి వెళ్ళి నడిమధ్యకి రాగానే పక్కకి తప్పుకుంది. రెండోదీ అంతే. మూడోది వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఎఫీ, ఇక్కడేదో అడ్డు తగులుతోంది."

"తగులుతుంది" అన్నాను. "పదిహేడేళ్ళ తర్వాత కూర్చున్నాడు. ఈసారి లేవడు."

మెల్డ్రమ్ గారికి అర్థమయ్యే దాకా నేను అక్కడే నిలబడ్డాను. చేతిలోని నాలుగో బంతి కింద పెట్టి, టోపీ తీశాడు.

బోర్డు మీద పేరు నేనే రాస్తాను, రంగు కొన్నాను. జూలైలో నువ్వు రా. స్కోరు చెప్పడానికి ఇక సమాధి దాకా వెళ్ళక్కర్లేదు, ఇక్కడ నేను చెప్తున్నాను. హాలెండ్ మీద మూడు రెండు అని నిన్ననే చెప్పాను.

అక్క
ఎఫీ